అయ్యగారి కారు, నా డీసీఎం

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది: ఆగి ఉన్న బండిని ఎవరైనా వచ్చి గుద్దితే తప్పు గుద్దినవాడిదేనని. లైసెన్సు కొత్తగా చేతికొచ్చినవాళ్లకు ఇలాంటి అమాయకపు నమ్మకాలు ఉంటాయి. మల్లాపూర్‌లోని ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ సరుకును దుకాణాలకు వేసే డీసీఎం వ్యాను నడపడం నా మొదటి ఉద్యోగం. కొన్నాళ్లు చూసి పర్మనెంట్ చేస్తానని మా సేటు అన్నాడు. బండికి సొట్ట పడితే మాత్రం ఆ రోజే ఇంటికి పంపిస్తానని కూడా అన్నాడు. ఇంట్లో జీతం తెచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఆ బండిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు తిప్పేవాణ్ణి. (సొంత చెల్లెల్ని కూడా అంత జాగ్రత్తగా ఎప్పుడూ బడిలో దింపలేదు.)

ఆదివారం పొద్దున ఉప్పల్ దుకాణాలకు సరుకు వేసి, సేటు అనుమతితోనే నాచారంలో మా చర్చి ముందు గోడవారగా డీసీఎం ఆపి ఆరాధనకు వెళ్లేవాణ్ణి. ఆ ఆదివారం ఆరాధన ముగిసి అందరం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాం. చర్చి వీధి ఏటవాలుగా ఉంటుంది. పై వైపున నిలిపిన తన కొత్త కారును పాస్టరు అయ్యగారు రివర్సు తీశారు. అది సర్రున కిందికొచ్చి నా డీసీఎం మూతికి ఠంగుమని తగిలింది. బంపరు వంగింది, హెడ్‌లైటు పగిలింది. చెప్పులు దొరికినవాళ్లూ దొరకనివాళ్లూ అందరం చూశాం. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ కారు సంఘమంతా చందాలు వేసుకుని అయ్యగారి పుట్టినరోజుకు కొనిచ్చింది. (నేనూ వేశాను. నా వాటాకు వెనక చక్రంలో కొంత గాలి వచ్చి ఉంటుంది.) ఎవరికి వారికి అది మన కారు. మన కారు తప్పెలా చేస్తుంది?

"గీ బండి గీడెందుకు వెట్టినవ్ తమ్మీ?" అని ముందుగా అందుకున్నాడు చర్చిలో తబలా వాయించే అన్న.

"ప్రతి ఆదివారం గీడనే పెడ్త గదన్నా. ఆగున్న బండి, అది ఏం జేసింది?"

"గదే తప్పు. నడుస్తుంటే పక్కకు తప్పుకునేటోనివి!"

ఇంతలో ఒక పెద్దమ్మ దగ్గరికొచ్చి, "పొద్దుగాల బండి తీసేటప్పుడు ప్రార్థన జేసినవా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. టైర్లలో గాలి మాత్రమే చూసుకున్నానని చెప్పాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తీర్పు అయిపోయింది.

సేటుకు ఇంకెవరో చెప్పేకన్నా నేనే చెప్పడం మంచిదని ఫోన్ చేశాను. బండి ముందర ఎత్తుందని, అక్కణ్ణుంచి కారొచ్చి గుద్దిందని చెప్పాను. ఎవరి కారో చెప్పబోతుండగా సంఘ పెద్ద అయిన మా మేనమామ ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టాడు. "నమస్తే సార్. ఎవ్వలు గుద్దలే. మీ బండే జారి కారుకు తాకింది."

"మీ పోరడు ముందర ఎత్తున్నదన్నడు గదా. బండి ఎత్తుకెట్ల జారుతదయ్యా?"

"దేవుడు తల్సుకుంటే ఎత్తుకు గూడ జారతది సార్!"

వెనక నుంచి ఎవరో అలవాటుకొద్దీ "ఆమెన్" అన్నారు.

"అయితే ఆ దేవున్నే జీతం ఇయ్యుమను. రేపటి సంది రావద్దని జెప్పు వానికి."

"మామా, నువ్వు సూసినవ్ గదనే" అన్నాను. "సూసిన బిడ్డా" అన్నాడు మామ, పాపం నిజాయితీగానే. "గని అయ్యగారి మీద ఎట్ల జెప్తం?"

అప్పటిదాకా కారు వెనక గీతను వేలితో తుడుస్తున్న అయ్యగారు వచ్చి ఫోన్ అందుకున్నారు. నా ప్రాణం లేచొచ్చింది. "సార్, నేను పాస్టరును మాట్లాడుతున్నాను" అన్నారు, ప్రసంగంలో వినిపించే ఆ నిండు గొంతుతో. "కుర్రవాడు మంచివాడు. తెలియక జరిగింది. నా కారుకు కలిగిన నష్టాన్ని నేను అప్పుడే మరిచిపోయాను. మీరు కూడా పెద్ద మనసు చేసుకుని, ఈ ఒక్కసారికి అతణ్ణి క్షమించండి."

సేటు, "మీ అంతటోళ్లు జెప్పినంక ఇంకేమున్నది సార్, రమ్మనుండ్రి" అన్నాడు. ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. తబలా అన్న "ఎంత పెద్ద మనసు!" అంటూ తలూపాడు. మామ నా డొక్కలో పొడిచాడు. "సూస్తవేంది, వందనాలు జెప్పు." చెప్పాను. చెప్పడమేమిటి, అయ్యగారి రెండు చేతులూ పట్టుకుని భోరున ఏడ్చాను. అవి నిఖార్సయిన కన్నీళ్లే.

"ఆ అయ్యగారు లేకుంటే మన గతి ఏమైతుండె బిడ్డా" అంది అమ్మ, ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం వడ్డిస్తూ. నిజమేనమ్మా అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. క్షమించారన్న సంతోషంలో, తాను చేసిన తప్పేమిటని ఒక్కరినీ అడగలేదు వాడు. పైగా మరుసటి ఆదివారం, అయ్యగారి కారుకు మళ్లీ అడ్డం కాకూడదని, డీసీఎంను రెండు సందుల అవతల ఆపి ఎండలో నడుచుకుంటూ చర్చికి వచ్చాడు.