ఉత్తరం గట్టు మీద ఇసుక

నా చిన్నప్పుడు మా ఇంట్లో సముద్రమంటే ఉప్పు బస్తానే. చిత్తూరులో నాయనది ఉప్పు వ్యాపారం. ఒక ఎండాకాలం సెలవుల్లో, నా పోరు పడలేక, సరుకు కొనడానికి వెళుతూ నన్నూ పులికాట్ సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లాడు. చేపలు పట్టేవాళ్ల ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పగలంతా ఆయన ఉప్పు బేరాల్లో తిరిగితే, నేను పక్కింటి అక్క వెంట తిరిగేదాన్ని.

అక్క సరస్సులో నడుముల్లోతు నీళ్లలో కూర్చుని, బురదలో చేతులతో తడిమి రొయ్యలు పట్టేది. తాటాకు బుట్ట అంచును పళ్లతో కరిచి పట్టుకునేది. ఆ యేడు ఆ బుట్టలో ఏమీ పడటం లేదు. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుక మేట వేసి మూసుకుపోయింది. సముద్రపు పోటు లోపలికి వస్తేనే దాంతో పాటు రొయ్య పిల్లలూ వస్తాయి. ఊరంతా కలిసి ఒకసారి తవ్వారు, మళ్లీ పూడిపోయింది. ఇంకో విడత రొయ్య లేకపోతే అక్క తన ఇద్దరు పిల్లలతో మద్రాసు వైపు ఇటుక బట్టీలకు పోవాల్సిందే.

సముద్రానికి మన మీద కోపం వచ్చిందని ఊళ్లో అనుకునేవారు. ఆ మాట వింటే అక్కకు ఒళ్లు మండేది.

"కోపమా? మనమెవరో కూడా దానికి తెలీదు. రా పాపా, సూపిస్తా."

నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లి, అల తడిపే చోట ఎర్రటి పెంకు ముక్కలు పోసింది. అల నేరుగా రాలేదు. దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ముక్కలను పైకి నెట్టింది, వెనక్కి మాత్రం తిన్నగా జారింది. మళ్లీ అదే వరస. సాయంత్రం వెళ్లి చూస్తే అవి పోసినచోట లేవు. ఉత్తరంగా చాలా దూరంలో దొరికాయి. ఇసుకా అంతేనని, ఎండాకాలమంతా అది ఉత్తరానికి నడుస్తూనే ఉంటుందని అక్క చెప్పింది. క్రితంసారి తవ్విన ఇసుకంతా దక్షిణం గట్టు మీదే పోశారట. అది నడిచి వచ్చి మళ్లీ ముఖద్వారంలోనే పడింది.

రెండోసారి తవ్వేరోజు అక్క ఆ మాటే చెప్పింది. ఊరిపెద్ద ఒప్పుకోలేదు. ఉత్తరం గట్టు అవతలి ఊరిది. ఆ ఊరితో తాతల నాటి తగాదా. అక్కడ కాలు పెడితే పరువు పోతుందని, ఆడవాళ్లు గంపలు మోస్తే చాలని ఆయన కసిరాడు.

"పరువును పులుసు పెట్టుకోని తింటామా పెద్దాయనా?" అంటూ అక్క గంప నెత్తికెత్తుకుంది. తవ్విన కాలువలో ఊరిన మోకాళ్లలోతు నీళ్లు దాటి, ఉత్తరం గట్టు మీద ఇసుక కుమ్మరించింది. ఒక్కతే మళ్లీ వచ్చి మళ్లీ వెళ్లింది.

అవతలి ఊరివాళ్లు కర్రలతో వచ్చారు. "ఎవరే అది, మా గట్టు మీద?"

"ఇసక మీ తట్టే పోతాది. మీ ఒడ్డే బలపడతాది. వొద్దంటే చెప్పండి, మోసేది ఆపేస్తా!"

ఒడ్డు బలపడుతుందంటే కాదనేదెవరు? వాళ్లు గొణుక్కుంటూ నిలబడ్డారు. నేను మా గదిలోని బొక్కెన తెచ్చి, దాని నిండా ఇసుక ఎత్తుకుని అక్క వెనకే కాలువలో దిగాను. నాయన గట్టు మీద నుంచి కేకలేస్తూనే ఉన్నాడు. నేను వినలేదు. నాయన మాట వినకపోవడం అదే మొదలు. నా వెనక ఒక ముసలమ్మ దిగింది, ఆ తర్వాత ఊరి ఆడవాళ్లందరూ దిగారు.

సాయంత్రం పోటుకు సముద్రం లోపలికి వచ్చింది. ఆటుకు వెనక్కిపోతూ అడుగున మిగిలిన ఇసుకను ఊడ్చుకుపోయింది. ఆ ఎండాకాలం దారి మూసుకోలేదు. అక్క మద్రాసు పోలేదు. మరుసటి యేడు ఊరిపెద్దే ఉత్తరం గట్టు మీద నిలబడి ఇసుక పోయించాడని, అదేదో తన తెలివే అన్నట్టు మాట్లాడాడని నాయన చెబితే నాకు భలే నవ్వొచ్చింది.

ఆ సెలవులయ్యాక చిత్తూరుకు బయలుదేరే ముందు నేను అక్కను అడిగాను, మళ్లీ మూసుకుంటే ఎలాగని.

"మూసుకుంటాది పాపా. మళ్లా తవ్వతాం. దానికి అలుపు లేదు, మనకీ లేదు."

నాయన పోయాక, ఆడపిల్ల ఉప్పు అంగట్లో కూర్చోవడమేంటి, మూసేయమని బంధువులు పట్టుబట్టారు. కర్మలు ముగిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లి అంగడి తెరిచాను. ఈ వయసులో ఇంకా ఎందుకు, మూసేయమని ఇప్పుడు నా కొడుకులంటున్నారు. వాళ్లు అంటూనే ఉన్నారు. నేను రోజూ తెరుస్తూనే ఉన్నాను.