చెరువు దిక్కు సలాము

మెదక్‌లో మా బడి ముందు పార్కు, వెనుక చెరువు. రోజూ పార్కులో నిజాం జెండాకు మాతో సలాము కొట్టించేవారు మా డ్రిల్లు సారు. యూనియన్ మిలిటరీ వస్తుందన్న పుకారు పుట్టగానే ఆయన మమ్మల్ని వెనక్కి తిప్పారు.

"చెరువు దిక్కు కొట్టుండ్రి బిడ్డా. ఎవలొచ్చినా చెరువైతే యాడికి పోదు," అనేవారు.

పోలీసు యాక్షన్ అయిపోయింది. పార్కులో ఆ పాత కర్రకే కొత్త జెండా ఎగరేయడానికి కొత్త అధికారి వచ్చాడు. సారు ఈల వేయగానే మేమంతా అలవాటుగా అధికారికి వీపు చూపించి చెరువుకు సలాము కొట్టాం. అధికారి మొహం కందగడ్డలా అయింది.

సారు జంకలేదు. "మా పోరగాళ్లు సక్కగనే నిలబడ్డరు సాబ్. పాత సర్కారోళ్లే కర్ర తప్పు దిక్కున పాతిండ్రు," అన్నారు.

మరునాడే జెండా కర్ర చెరువు గట్టుకు మారింది. సారు మాత్రం ఎక్కడికీ మారలేదు.