కానుగ ఆకు మీద తెల్ల గీత

నిన్న తిరుత్తణిలో పాత పేపర్ల అంగట్లో చెట్ల పుస్తకమొకటి తెరిచినాను. ఆ మగ్గిన వాసనకు ముక్కుకంటే ముందు మనసు తుమ్మింది.

డెబ్బైలలో, నాకు ఏడేండ్లప్పుడు, అడవి ఆఫీసులో వాచ్‌మన్‌గా ఉండిన మా మామ అట్లాంటిదే ఇంటికి తెచ్చినాడు. పేజీకొక చెట్టు, దాని ఆకు, పువ్వు, కాయ బొమ్మలు. మాది మగ్గాల ఇల్లు. డిజైన్ కాగితం చూసి చీర నేయడం పుట్టినప్పటినుంచీ చూసినదాన్ని గదా, ఈ పుస్తకం చూసే ఎవరో చెట్లను నేస్తారనుకున్నాను.

వెంటనే వీధిలో మేం పడుగు నూలు సాగదీసే కానుగ కిందికి పోయి పోల్చినాను. పుస్తకంలో ఆకు నున్నగా ఉంది. మా చెట్టు ఆకుల నిండా తెల్ల గీతలు, బొడిపెలు! ఒక్క పోగు తప్పినా సావుకారు చీరను తిప్పి పంపుతాడు. ఈ చెట్టునూ తప్పుందని నేసినోళ్లు వెనక్కి తీసుకుపోతే, ఎండలో పడుగు యాడ వేసేది?

"నాయనా, మన చెట్టు డ్యామేజీ!" అని అరిచినాను.

నాయన పగలబడి నవ్వినాడు. "ఒసే, అవి పురుగు తిన్న గీతలు. బొమ్మ చూసి చెట్టు పుట్టలేదే. చెట్టును చూసి బొమ్మ గీసినారు."

"అట్లయితే బొమ్మే తప్పు. తిప్పి పంపు మామా!"

"యాడికి పంపేదే? మా ఆఫీసోళ్లే వద్దని పారేసినారు," అన్నాడు మామ.

ఆరో క్లాసులో, చదువు రాదని బడివాళ్లు నన్నే తిప్పి పంపినారు. ఆ రోజు నాయన పడుగు సాగదీస్తా సాగదీస్తా, గీతలున్న కానుగాకు ఒకటి తెంపి నా చేతిలో పెట్టినాడు.

నిన్న అంగట్లో కానుగ పేజీ వెతికి చూసినాను. బొమ్మను ఇంకా దిద్దలేదు.