మెయిన్ స్విచ్చి మీద ఎర్ర ట్యాగు

పాడైన వస్తువు కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. ఈ హిందీ ఊరి ఉక్కు ప్లాంటులో ఇంజనీరుగా రిటైరైన దగ్గర్నుంచి ఇదే నా వ్యాపకం. ఇరుగుపొరుగు పారేసిన టేబుల్ ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు తెచ్చి వెనక వరండాలో విప్పుకుని కూర్చుంటాను. అవి చాలకపోతే స్కూటరేసుకుని ఊరవతల ఉతై వైపు పాతసామాన్ల కబాడీ కొట్టుకి పోతాను. నేనొస్తానని ఆ కొట్టు భయ్యా పాత మోటార్లు విడిగా తీసి పెడతాడు. ప్లాంటు ఒకటి బయట ఉంది కదా, ఇంట్లో ఇంకోటి దేనికని మా ఆవిడ సణుగుతుంది. సణగనీ.

అభిప్రాయాలకి కూడా నాకు కొదవ లేదు. ఎర్తింగు లేని ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకూడదన్నది ఒకటి. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళకి ముందు బీపీ చూపించాలన్నది ఇంకోటి. సెక్టర్ 6 నుంచి నడకకొచ్చే పాత సహోద్యోగులతో పార్కు బెంచీ మీద ఈ రెండో విషయం మీద గొంతు చించుకుని వాదించేవాణ్ణి. ఈ మధ్య ఆ మాట వస్తే లేచి నడక మొదలుపెడుతున్నాను. వాళ్ళు నవ్వుకుంటున్నారు. నవ్వుకునే వాళ్ళెవరూ ఆ మధ్యాహ్నం నాతో లేరు.

మేముండేది ప్లాంటు టౌన్‌షిప్పు సెక్టర్ 7లో. రెండు క్వార్టర్లు ఒకే గోడకి అటొకటి ఇటొకటి. మా వరసలో సగం ఇళ్ళు ఖాళీ. తలుపులకి సీళ్ళు, మెట్ల మీద ఎర్రదుమ్ము, గోడ పగుళ్ళలోంచి మొలిచిన రావి మొక్కలు. సాయంత్రం ప్లాంటులో నిప్పులా మరిగే స్లాగు, అదే ఇనప చిట్టెం, పోసినప్పుడు ఆకాశం ఎర్రబడుతుంది. అప్పుడు ఆ ఖాళీ ఇళ్ళ కిటికీ అద్దాలు ఒక్కసారిగా వెలిగి, లోపలెవరో దీపం పెట్టినట్టు కనిపించి, ఆరిపోతాయి. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. మేం అలవాటుపడ్డాం.

మా గోడకి అవతల ప్లాంటులో నా కింద ఏళ్ళ తరబడి పనిచేసిన ఎలక్ట్రికల్ ఫోర్‌మన్, ఆయన భార్య ఉండేవారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు, పిల్లల్లేరు. రిటైరైనవాళ్ళకి క్వార్టర్లు లీజుకి ఇస్తున్నప్పుడు ఇద్దరం కూడబలుక్కుని పక్కపక్కనే తీసుకున్నాం. ఉద్యోగాలు అయిపోయినా ఆయన నన్ను సాబ్ అనడం మానలేదు. ఆయన భార్య నన్ను అన్నయ్యగారూ అంటుంది. మా ఇంట్లో ఉప్పు నిండుకుంటే వాళ్ళింట్లోది, వాళ్ళింట్లో కరివేపాకు లేకపోతే మా పెరట్లోది.

ఇక ట్యాగు సంగతి. ప్లాంటులో ఏ యంత్రం లోపలికి దిగి పనిచెయ్యాలన్నా ముందు దాని స్విచ్చి దింపి, ఎవడి ట్యాగు వాడు తగిలించాలి. తీగతో కట్టే, ఎర్ర రంగు వేసిన రేకు ముక్క. దాని మీద ఆ మనిషి టోకెన్ నంబరు. అది వేలాడుతోందంటే ఆ మనిషి లోపల ఉన్నాడని అర్థం. తగిలించినవాడే తియ్యాలి. జనరల్ మేనేజరు వచ్చినా ముట్టుకోకూడదు. పొరపాటున ఇంకొకడు తీసి స్విచ్చి వేస్తే లోపల ఉన్నవాడి పని అంతే. ఇది మాకు చదువుతో వచ్చిన సంగతి కాదు, ఒంట్లోకి ఇంకిపోయింది. మా ఫోర్‌మన్‌కి మరీను. రిటైరయ్యేటప్పుడు తన ట్యాగు అడిగి తెచ్చుకున్నాడు. ఇంట్లో ట్యూబులైటు మార్చాలన్నా వరండాలో మెయిన్ స్విచ్చి దింపి దాన్ని తగిలించేవాడు. నేను తీసేదాకా ఎవర్నీ ముట్టనీకు అని భార్యకి చెప్పి మరీ లోపలికి వెళ్ళేవాడు. ఆవిడ చీపురు పట్టుకుని స్విచ్చి దగ్గర కాపలా నిలబడేది. మేం నవ్వేవాళ్ళం.

చలికాలం మొదట్లో కూలరు విప్పి శుభ్రం చేసి మూలకి పెట్టేద్దామని ఆయన ఎప్పట్లాగే ట్యాగు తగిలించి వెనక గదిలోకి వెళ్ళాడు. చాలాసేపు చప్పుడు లేకపోతే ఆవిడ వెళ్ళి చూసింది. కూలరుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడట, చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉందట. గుండె ఆగిపోయింది. కరెంటు కాదు, నేను అన్నీ చూశాను, కరెంటు కాదు.

ఆ హడావిడిలో స్విచ్చి సంగతి ఎవరికి గుర్తుంటుంది? మా ఇంటి నుంచి వైరు లాగి లైట్లు పెట్టాం. పెద్దకర్మ అయ్యాక మెయిన్ వేసేద్దామని నేను వరండాలోకి వెళ్తే ఆవిడ అడ్డొచ్చింది. ట్యాగుంది కదా అంది. మా వైరు కూడా తీసెయ్యమంది. లోపల పని జరుగుతుంటే ఇంకో దారిన కరెంటు తేవడం మంచిది కాదట. దుఃఖంలో ఉన్న మనిషి కదా, నాలుగు రోజులు పోతే తనే మామూలవుతుందనుకున్నాం. చలికాలమంతా ఆ ఇంట్లో ఒక చార్జింగు దీపం వెలిగింది. పగలు దాన్ని మా ఇంట్లో చార్జింగు పెట్టుకుని పట్టుకెళ్ళేది.

అప్పట్నుంచే గోడకి అవతల చప్పుళ్ళు మొదలయ్యాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వెనక వరండాలో మోటారు విప్పుకుని కూర్చుంటే అటువైపు రేకు సర్దుతున్నట్టు, స్క్రూ బిగిస్తున్నట్టు. ఎలకలనుకున్నాను. ఎలకల బోను ఇచ్చాను. ఒక్కటీ పడలేదు. ఎండకి రేకు సాగుతుంది, అది చప్పుడు చేస్తుందని మా ఆవిడకి వివరించాను. ఇంజనీరు చెప్తే కాదంటుందా? చలికాలంలో కూడానా, అని మాత్రం అడిగింది. నాకు ఒళ్ళు మండి మోటారు ముందుకి లాక్కున్నాను.

హోలీ వెళ్ళింది. లూ అనే ఇక్కడి వడగాలి మొదలైంది. ఇక్కడి ఎండ సంగతి ఇక్కడున్నవాళ్ళకే తెలుసు, మధ్యాహ్నం గోడ మీద చెయ్యి ఆనదు. ఆ ఇంట్లో ఫ్యాను లేదు, కూలరు లేదు. ఆవిణ్ణి మా ఇంట్లో ఉండమంటే భోజనం వేళకి వచ్చి, ఎంగిలి చెయ్యి కడుక్కోగానే లేచేది. ఆయనొక్కరూ ఉన్నారు కదండీ అనేది. ఒకరోజు మా ఆవిడ మజ్జిగ పట్టుకెళ్ళేసరికి కుళాయి దగ్గర పడిపోయి ఉంది. బకెట్టు పొంగి నీళ్ళు ఆవిడ చీర మీదుగా పోతున్నాయి. డిస్పెన్సరీ డాక్టరు ఇంకోసారి ఇలాగైతే తన చేతుల్లో ఉండదని, ఫ్యానన్నా పెట్టండి, మనిషినన్నా అక్కణ్ణుంచి మార్చండని కేకలేశాడు. మార్చడం కుదరదు. మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలీదు. తిన్నగా వాళ్ళ వరండాలోకి వెళ్ళి, ఇదంతా పిచ్చి అని అరిచి, ట్యాగు మీద చెయ్యి వేశాను. వేశానని చెప్పడం కూడా అబద్ధమే. దాని దాకా వెళ్ళి చెయ్యి ఆగిపోయింది. జీవితంలో ఇంకొకడి ట్యాగు ముట్టుకున్న చెయ్యి కాదు ఇది. దయ్యానికి భయపడి ఆగలేదు, ఆ రేకు ముక్క మీది నంబరుకి భయపడి ఆగింది. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"ఏటండీ మీరు కూడాను? ఆవిడ సచ్చిపోద్ది. మీ రేకు ముక్కేటి, మనిషేటి?"

ఆ మాట గుచ్చుకుంది. ఆ సాయంత్రమంతా మోటారు ముందర కూర్చున్నాను గానీ ఒక్క మర కూడా విప్పలేదు. చివరికి తోచింది. ప్లాంటులో దీనికీ ఒక పద్ధతి ఉంది. ట్యాగు తగిలించినవాడు దాన్ని మర్చిపోయి షిఫ్టు అయిపోయి వెళ్ళిపోతే అప్పుడు వాడి ఇన్‌ఛార్జి వస్తాడు. తనే స్వయంగా యంత్రం లోపలంతా వెతుకుతాడు, ఇనుము మీద కొట్టి కేకేస్తాడు, జవాబు కోసం ఆగుతాడు. ఎవరూ లేరని తేలాక బయటికొచ్చి, అందరూ వినేలా లోపలెవరూ లేరని ప్రకటిస్తాడు. ఆ తర్వాతే ట్యాగు తీగ కత్తిరిస్తాడు. ఆ ఇన్‌ఛార్జి మాట మీదే స్విచ్చి పడుతుంది. మా ఫోర్‌మన్‌కి ఇన్‌ఛార్జిని నేనే కదా.

ఆవిడతో చెప్తే ఎదురు చెప్పలేదు. ఆయన కూడా ఆ పద్ధతి చెప్పేవారని, అలాగైతే ఒప్పుకుంటారని అంది. కాకపోతే సరిగ్గా చూడాలండీ, పైపైన చూడకండి, అని మాత్రం బతిమాలింది. చంటిపిల్లాడికి ఆపరేషను చెయ్యబోయే డాక్టరుతో మాట్లాడినట్టు మాట్లాడింది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. వీధిలో పిట్ట లేదు. లూ గాలి ఖాళీ క్వార్టర్ల తలుపుల్ని పట్టుకుని ఊపుతోంది. ఆవిడ చీపురు లేకుండానే స్విచ్చి దగ్గర కాపలా నిలబడింది. నేను ప్లాంటులో లాగే చేతిలో స్పానరు పట్టుకుని లోపలికి నడిచాను. ముందు గది, వంటిల్లు, బాత్రూము. ప్రతి గుమ్మం దగ్గరా ఇనుప గ్రిల్లు మీద స్పానరుతో కొట్టి, అందర్ కోయీ హై అని హిందీలో కేకేశాను. ప్లాంటులో అందరికీ అర్థమయ్యే కేక అదే. లోపలెవరైనా ఉన్నారా అని. నా గొంతు ఆ ఇంట్లో నాకే ఎవరిదోలా ఉంది. మంచం కింద చూశాను. బీరువా వెనక చూశాను. ఒక పక్క సిగ్గేస్తోంది, ఇంకో పక్క మెడ వెనక వెంట్రుకలు లేస్తున్నాయి.

వెనక గది తలుపు తోశాను. ఆయన పోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆవిడ అడుగు పెట్టలేదు, ఎవర్నీ పెట్టనివ్వలేదు. కిటికీకి అట్టలు కొట్టి ఉన్నాయి. కూలరు పక్క రేకు విప్పి గోడకి ఆనించి ఉంది. స్టూలు, స్టూలు మీద ఎవరో తీసి పెట్టిన స్క్రూడ్రైవరు. అన్నిటి మీదా ఎర్రదుమ్ము మందంగా పేరుకుంది. స్క్రూడ్రైవరు పిడి మీద మాత్రం లేదు. రోజూ పట్టుకుని నున్నబడ్డట్టు మెరుస్తోంది.

అక్కడ ఎవరూ లేరు. రాసిమ్మంటే రాసిస్తాను. కానీ మోటారు గుంతలో వంగి పనిచేస్తున్నప్పుడు వెనక ఇంకో మనిషి వచ్చి నిలబడితే చూడకుండానే తెలుస్తుందే, అలాంటిదేదో వీపుకి తెలిసింది. నేను వెనక్కి తిరగలేదు.

ప్లాంటులో మిల్లు హోరుకి లోపలివాడి గొంతు బయటికి రాదు. అందుకని మనిషి ఉంటే ఇనుము మీద రెండు దెబ్బలు కొట్టి జవాబిస్తాడు. ఒక దెబ్బ దేనివల్లనైనా రావచ్చు. రెండు కొడితే మనిషి ఉన్నట్టు. నేను కూలరు పెట్టె మీద స్పానరుతో కొట్టి, అందర్ కోయీ హై అని కేకేసి ఆగాను.

కూలరు లోంచి టక్, టక్ అని వినిపించింది.

రేకు. ఎండకి సాగిన రేకు. నేను కొట్టిన దెబ్బకి కదిలి మళ్ళీ సర్దుకున్న రేకు. ఇన్నేళ్ళు ఇనుముతో బతికినవాణ్ణి, ఇనుము ఏం చేస్తుందో నాకు తెలీదా?  అయినా నాకు భయమేసింది. మళ్ళీ కేకేసి చూడాలి, పద్ధతి ప్రకారం. నేను కేకెయ్యలేదు. వేస్తే మళ్ళీ జవాబొస్తుందేమోనని.

వరండాలోకి వచ్చాను. ఆవిడ నా నోటి వంక చూస్తోంది. మొహం పీక్కుపోయి, పెదాలు పగిలి, జాకెట్టు చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పద్ధతి ప్రకారమైతే జవాబొచ్చింది కాబట్టి ట్యాగు ఉండాలి, మేం ఆగాలి. ఎన్నాళ్ళు ఆగాలి? మే నెల ఇంకా మొదలే. అన్నాళ్ళు ఆవిడ ప్రాణం ఆగదు.

"అందర్ కోయీ నహీ," అన్నాను, వీధిలోకి వినపడేలా. మళ్ళీ తెలుగులో చెప్పాను. "లోపలెవరూ లేరమ్మా."

కట్టింగ్ ప్లయరుతో తీగ కత్తిరించాను. ట్యాగు చేతిలో పడింది, ఎండకి కాలుతోంది. స్విచ్చి పైకి తోశాను. ఇల్లంతా ఒక్కసారి గుర్రుమంది. చలికాలం నుంచి ఆన్ చేసి వదిలేసిన ప్రతిదీ లేచింది. ముందు గదిలో ఫ్యాను, వంటింట్లో ఫ్రిజ్జు, దేవుడి దగ్గర చిన్న ఎర్రబల్బు. నేను స్విచ్చి మీద చెయ్యి తియ్యకుండా వెనక గది వైపు చెవి పెట్టాను. ఏ చప్పుడూ లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

ఆవిడ ముందు గదిలోకి వెళ్ళి ఫ్యాను కింద నేల మీద చతికిలబడింది. చెంగు గాలికి ఎగిరింది. కళ్ళు మూసుకుంది. పోనీలే, బతికింది అనుకున్నాను. మా ఆవిణ్ణి మజ్జిగ తెమ్మని చెప్దామని గుమ్మం దాటబోయాను.

"అన్నయ్యగారూ," అని పిలిచింది. కళ్ళు తెరవలేదు. "ఆయన జవాబు సెప్పారు. రెండు దెబ్బలు. నానూ ఇన్నాను."

గుమ్మంలోనే ఆగిపోయాను. ట్యాగు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది, చెమటో కన్నీళ్ళో తెలీలేదు. గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేది.

"మీరు ఆయన ఆఫీసరు కదండీ. మీ మాట ఎప్పుడూ కాదన్లేదు. మీరే లేరని సెప్పీసాక ఇంకెలాగ ఉంటారు? ఎలిపోయుంటారు."