‘ఇల్లు’ నుంచి వచ్చిన ఫోన్

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదుకి ఎప్పటికైనా జవాబొస్తుందని మాత్రం నమ్మేవాణ్ణి. స్టీల్ ప్లాంటులో పనిచేసినన్నాళ్లూ అదే అలవాటు, రిటైరయ్యాకా అదే. నన్ను చూడగానే కౌంటర్లలో వాళ్లు మొహం తిప్పుకుంటారని నాకు తెలుసు. ఈ ఒక్క విషయంలోనే ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలో తెలియలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

మాది భిలాయి సెక్టర్ 4లో క్వార్టరు. కొన్నేళ్ల కిందట మా వీధిలో వరసగా దొంగతనాలు జరిగితే అలారం పెట్టించాను. ఎవరైనా తలుపు పగలగొట్టినా, బాత్‌రూమ్ గోడకున్న బటన్ నొక్కినా, ముందు గదిలోని పెట్టె ల్యాండ్‌లైన్ ద్వారా తనంతట తనే ఫోన్ చేస్తుంది. రికార్డు చేసి ఉంచిన మాట వినిపిస్తుంది. మొదట నా మొబైల్‌కి, తర్వాత పోలీస్ స్టేషన్‌కి. బాత్‌రూమ్‌లో కూడా ఒక బటన్ ఉండాలని పట్టుబట్టింది నా భార్య పార్వతి.

మాట రికార్డు చేసిందీ ఆవిడే. పెట్టె ముందు నిలబడి, మా విజయనగరం మాటలోనే చెప్పింది. “ఏవండీ, ఇంటికాడ ఏదో అయినాది. బేగి వచ్చీండి.” ఆపే మీట ఎవరూ నొక్కలేదు. ఆవిడ మెకానిక్ వైపు తిరిగి “అయిపోనాదా?” అంది. అదీ రికార్డయింది.

మెకానిక్ పగలబడి నవ్వాడు. “దీదీ, పోలీస్‌వాలోంకో తెలుగు థోడీ సమఝ్ ఆయేగీ!” అంటూ, పోలీసులకి తెలుగెక్కడ అర్థమవుతుందని దాన్ని చెరిపేసి, హిందీలో చెప్పమన్నాడు. పార్వతి చిన్నబుచ్చుకుని, పాఠం అప్పజెప్పినట్టు హిందీలో చెప్పింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మళ్లీ అతని దుకాణంలో బల్బు కూడా కొనలేదు.

అలారానికి సైరన్ కూడా ఉండేది. పిల్లి దూకినా మోగుతోందని పక్క క్వార్టరాయన గొడవ చేస్తే తీయించేశాను. ఆయన ఒక్కసారి ఫిర్యాదు చేస్తే పని జరిగిపోయింది. ఇక మా ఇంటికి మిగిలిన కాపలా ఆ టెలిఫోన్ తీగ ఒక్కటే.

పార్వతి జబ్బుచేసి పోయింది. తర్వాత మా అప్ప, అంటే నా పెద్దక్క, విజయనగరం నుంచి వచ్చి నా దగ్గర ఉండిపోయింది. బీపీ మనిషి. కళ్లు తిరుగుతుంటాయి. హిందీ ఒక్క ముక్క రాదు. కూరగాయల బండివాడితో వేళ్లు చూపించి బేరమాడుతుంది.

కిందటేడు మా పాత ల్యాండ్‌లైన్ తరచూ మూగబోవడం మొదలైంది. ఎన్నిసార్లు చెప్పినా బాగుచెయ్యలేదు. విసిగిపోయి దాన్ని వదులుకుని, ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ పెట్టించుకున్నాను. అలారం దీనికీ పనిచేస్తుందా అని అమ్మడానికొచ్చినాయన్ని ముందే అడిగాను. “సబ్ చలేగా, అంకుల్,” అని, అన్నీ పనిచేస్తాయని భరోసా ఇచ్చాడు. బిగించడానికొచ్చిన మనిషి అలారం తీగ చూసి తల అడ్డంగా ఊపాడు. పాత పెట్టె ఈ లైనుతో సరిగ్గా పలకదన్నాడు. పైగా పాత ఫోన్‌కి విద్యుత్తు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా మోగేది. కొత్త పెట్టెకి ఇంటి కరెంటే ఆధారం. అది పోతే ఫోనూ పోతుంది.

అతను వెళ్లిపోయాడు. అలారం తీగ గోడ మీద వేలాడుతూ మిగిలింది. దాని కొసకి నల్ల టేపు చుట్టింది నేనే. పాత కంపెనీవాళ్లు తమ లైను తాలూకు తీగని స్తంభం దాకా లాగేసుకుని వెళ్లడం కూడా నా కళ్లతో చూశాను.

ఆ మర్నాటి నుంచి కొత్త ఫోన్ కంపెనీకి ఫిర్యాదులు పెట్టాను. అప్పని వదిలి బయటికెళ్లాలంటే భయంగా ఉందని రాశాను. ఎవరూ రాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం, అప్ప భోంచేసి పడుకున్నాక, ఫోన్ కంపెనీ ఆఫీసుకి నేనే వెళ్లాను.

కౌంటర్‌లో ఉన్నామె పేరు స్వాతి. మన తెలుగావిడే, కానీ ఇక్కడే పుట్టి పెరిగింది. “అంకుల్, ఫోన్ మా జిమ్మేదారీ. అలారమ్ మీది కదా. దాని శికాయత్ నేనెలా చఢాయిస్తాను?” అంది. ఫోన్ బాధ్యతే తమదని, అలారం మీద ఫిర్యాదు ఎక్కించుకోలేనని ఆమె వాదన. మీవాళ్లు ఇచ్చిన మాట తప్పారు, అది రాసుకోమన్నాను. ఇద్దరం గొంతు పెంచాం.

అప్పుడు నా మొబైల్ మోగింది. తెర మీద ‘ఇల్లు’ అని ఉంది.

కొత్త ఫోన్‌ని నేను ‘ఇల్లు కొత్తది’ అని పెట్టుకున్నాను. ‘ఇల్లు’ అంటే వదులుకున్న ల్యాండ్‌లైన్. పార్వతి ఫోన్లన్నీ ఆ పేరుతోనే వచ్చేవి కాబట్టి తీసెయ్యలేదు. నాకు చెవుడు. ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతాను.

“ఏవండీ, ఇంటికాడ ఏదో అయినాది. బేగి వచ్చీండి.” కొంచెం ఆగి, “అయిపోనాదా?”

తెర మీది పేరు మళ్లీ చదివాను. స్వాతే ముందుగా మాట్లాడింది. “ఆంటీ పిలుస్తున్నారు అంకుల్. జల్దీ వెళ్లండి.”

స్కూటర్ ఎలా నడిపానో గుర్తులేదు. ఇంట్లో కరెంటు లేదు. కొత్త ఫోన్ పెట్టె మీద ఒక్క దీపం వెలగడం లేదు. అప్ప బాత్‌రూమ్ నేల మీద పడి ఉంది. తల పగిలి రక్తం తూము వైపు పారుతోంది. చెయ్యి మాత్రం బటన్ కింద గోడకి ఆనించి ఉంది. కారు తీసి ఆస్పత్రికి చేర్చింది పక్క క్వార్టరాయనే. అదీ చెప్పాలి. ఇంకాస్త ఆలస్యమైతే చేతికి దక్కేది కాదన్నాడు డాక్టరు.

మాట వచ్చాక అప్ప అంది: “బటన్ నొక్కినానురా. మరదలు మాటాడింది. బేగి రమ్మని నిన్ను పిలిసింది. ఇంక బయం నేదనుకున్నాను.”

మా పెట్టెకి బ్యాటరీ ఉంది, అది ఫోన్ చేసేటప్పుడు ఆ మాట ఇంట్లోనూ వినబడుతుంది. కాబట్టి అందులో వింతేమీ లేదు. అయినా అడిగాను, ఏ భాషలో మాట్లాడిందని.

“మన మాటే. ఇందీ అయితే నాకేటి తెలుస్తాది, ఎర్రిబాగులోడా!”

ఇంటికొచ్చి పెట్టె తెరిచి, రికార్డు వినిపించే మీట నొక్కాను. హిందీ. పాఠం అప్పజెప్పినట్టున్న ఆ హిందీయే. మళ్లీ మళ్లీ నొక్కాను. తీగ కొసకి నా నల్ల టేపు అలాగే ఉంది.

పాత కంపెనీకి రాశాను. ఆ నంబరు మూసేశాం, ఎవరికీ ఇవ్వలేదు, దాన్నుంచి ఫోన్ వెళ్లే అవకాశమే లేదని జవాబిచ్చారు. మొబైల్ కంపెనీకి కాల్ లాగ్ ఫోటో తీసి పంపించాను. మీ ఫిర్యాదు పరిష్కరించబడిందని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పలేదు. పక్క క్వార్టరాయన నా భుజం మీద చెయ్యివేసి, దుఃఖంలో మనిషికి అలాగే వినిపిస్తుందన్నాడు. మరి స్వాతికి ఏం దుఃఖం ఉంది?

ఆమె దగ్గరికీ వెళ్లాను. “ఆంటీ ఎలా ఉన్నారు?” అని నవ్వుతూ అడిగింది. ఆ ఫోన్‌కి చాలా ముందే ఆవిడ పోయిందని చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. విన్నది విన్నట్టు రాసిమ్మంటే, “నా నౌకరీ, అంకుల్,” అని లోపలికి వెళ్లిపోయింది. అదీ నేను మరిచిపోను.

అప్ప ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తోంది. సిమ్ కార్డుతో పనిచేసే కొత్త అలారం పెట్టించాను. ఆమెని ఒంటరిగా వదిలి గేటు దాకా కూడా పోను. పాత పెట్టెని మాత్రం తీయనివ్వలేదు. అది మళ్లీ ఫోన్ చెయ్యాలంటే ఇంట్లో ఇంకో ఘోరం జరగాలి. కాబట్టి చెయ్యకూడదనే కోరుకుంటాను. మొబైల్ మోగిన ప్రతిసారీ ముందు చూసేది మాత్రం ఆ పేరే.

ఇదెలా జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు. పార్వతి ‘అయిపోనాదా?’ అని రెండుసార్లు అడిగింది. మొదటిసారి మెకానిక్ నవ్వాడు. రెండోసారి నేను స్కూటర్ తాళాలు వెతుక్కుంటూ పరిగెత్తాను. అయిపోయిందో లేదో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.