వెలుగును మింగిన రసాయనం

2006లో నేను నోయిడాలోని ఒక చిన్న ఔషధ పరిశోధన ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కు మందు వెతకడం మా బృందం పని. మా పై అధికారి సుజాత గారిది కాకినాడ. భర్త కేంద్ర ప్రభుత్వోద్యోగి కావడంతో ఢిల్లీ ఆర్.కె. పురంలోని ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవారు. వాళ్ళ అత్తగారికీ అదే జబ్బు.

ఈ జబ్బులో మెదడులో ఒక ప్రోటీన్ ముక్కలు పేరుకుపోతాయి. ఆ ప్రోటీన్‌ను కత్తిరించేది ప్రోటియేజ్ రకం ఎంజైమ్. దాన్ని ఆపే రసాయనం దొరికితే మందుకు దారి దొరికినట్టే. కోత కంటికి కనబడదు కనుక వెలుగుతో కొలుస్తాం. చిన్న ప్రోటీన్ గొలుసుకు ఒక చివర మెరిసే అణువు, రెండో చివర ఆ మెరుపును అణిచే అణువు ఉంటాయి. ఎంజైమ్ గొలుసును కోస్తే రెండూ విడిపోయి ద్రవం వెలుగుతుంది. దీన్నే ఫ్లోరోసెన్స్ అంటారు. వెలుగు రాలేదంటే ఎంజైమ్ ఆగిందని అర్థం.

ఆ వేసవిలో, నెలల తరబడి వెతికాక, సుజాత గారు పరీక్షించిన రసాయనం ఒకటి వెలుగును దాదాపు పూర్తిగా ఆపేసింది. ల్యాబంతా మిఠాయిలు పంచుకున్నాం. డైరెక్టర్ మల్హోత్రా గారు వెంటనే, రసాయనాలు పంపి మాచేత పరీక్ష చేయించే క్లయింట్ కంపెనీకి ఫోన్ చేసి చెప్పేశారు. సుజాత గారు మాత్రం ఆ రసాయనం సీసాను కిటికీ దగ్గర పట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

“రమణా, ఇది పసుప్పచ్చగా లేదూ?”

“ఉంది మేడం. అయితే?”

“రంగున్నది వెలుగుని తాగేస్తుంది కదా. ఎంజైమ్ నిజంగా ఆగిందో, మెరుపుని ఇదే మింగేస్తోందో మనకెలా తెలుస్తుంది?”

తేల్చే దారీ ఆవిడే చెప్పారు. ముందు ఎంజైమ్‌తో గొలుసులన్నీ కోయించాలి. ద్రవం పూర్తిగా వెలిగాక రసాయనం కలపాలి. అప్పటికి ఆపడానికి కోతే మిగలదు. అయినా వెలుగు తగ్గితే, తప్పు రసాయనానిదే.

కలిపాం. కంప్యూటర్ తెర మీద వెలుగును చూపే గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది. ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయారు. కాసేపటికి లేచి, “ఇంకోసారి చేద్దాం” అన్నారు. మళ్ళీ అదే.

సంగతి చెప్పగానే డైరెక్టర్ మండిపడ్డారు. “అరే సుజాతాజీ, ఈ టెస్ట్ చేయమని మిమ్మల్ని ఎవరడిగారు?”

“ఎవరూ అడగలేదు సర్. ఇప్పుడు మనమే చెబితే ఒక కాంపౌండ్ పోతుంది. రేపు వాళ్ళు కనిపెడితే మన మాటే పోతుంది.”

ఆయన ఫలితాల కాగితం తీసుకుని చూశారు. చివరికి, “ఠీక్ హై. నేనే ఫోన్ చేస్తాను” అన్నారు.

సాయంత్రం ఆఫీసు క్యాబ్‌లో అడిగాను. “మీకు బాధగా లేదా మేడం?”

“ఎందుకుండదు? పొద్దున్న మా అత్తగారు నన్ను చూసి ‘ఎవరమ్మా నువ్వు?’ అన్నారు. అలాంటివాళ్ళు మింగాల్సిందిది. మందు కానిదాన్ని మందని ఎలా పంపుతాం చెప్పు?”

ఆ రసాయనాన్ని పక్కన పెట్టేశారు. తరువాతి విడత రసాయనాలు పంపినప్పుడు, వాటిని సుజాత గారే పరీక్షించాలని క్లయింట్ కోరారు. మా ల్యాబ్ నుంచి మందేదీ బజారుకు రాలేదు. ఫలితం చెడినప్పుడు మళ్ళీ పరీక్షించడం ఎవరైనా చేస్తారు. బాగా వచ్చినదాన్ని, అదీ అందరికన్నా తనకే ఎక్కువ కావలసినదాన్ని, అంత నిక్కచ్చిగా పరీక్షించడం నేను ఆవిడను చూసే నేర్చుకున్నాను.