పడవకు దాహమేసిన వేసవి

నా చిన్నప్పుడు మా నాయనమ్మకు ఒక సవతి ఉండేది. అది మనిషి కాదు, మోటారు పడవ. తెల్లదొరెవరో షికార్ల కోసం తాళ్లరేవులో టేకుతో కట్టించుకుని, దేశం వదిలి వెళ్లిపోతూ విశాఖపట్నంలో ఒక షావుకారుకు అమ్మేశాడట. దాన్ని నడిపే సరంగు మా తాతయ్య. అడుగున కొత్త రంగు వేయడానికి ఏటా వేసవిలో ఒడ్డుకు లాగించి, పలకలు ఎండి విడిపోకుండా తడి గోనెలు కప్పేవాడు. ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమేవాడు. పులుసులోకి చింతపండు మిగలనివ్వడని నాయనమ్మ సాధించేది.

ఒక వేసవిలో, పడవ ఒడ్డున ఉండగానే షావుకారు పోయాడు. వాటాల కోసం కీచులాడుకుంటూ ఆయన కొడుకులు దాన్నెవరూ ముట్టుకోవద్దన్నారు. తాతయ్యను కూడా. ఎండలు మండిపోయాయి. చివరికి పెద్దకొడుకు వచ్చి, తేలితే ఉంచుతాను, లేదంటే కట్టెల అడితికి అమ్మేస్తానన్నాడు.

నీళ్లలోకి దింపగానే పలకల సందుల్లోంచి ఊట మొదలైంది. నేను డబ్బాతో గబగబా తోడుతుంటే తాతయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“ఏటి సేత్తన్నావే? తోడకు. సెక్కకి దాహమేసింది. తాగనీ, ఉబ్బి అదే మూసుకుంటాది.”

ఎండిన పడవను తాళ్లతో కట్టి, లోతులేని చోట అలా మునగనివ్వడం సరంగుల అలవాటే. మేం ఒడ్డున కూర్చున్నాం. మర్నాడూ కూర్చున్నాం. ఆయన నీళ్లలోకి దిగి పలకలు తడిమి, వచ్చి నా పక్కన కూర్చునేవాడు. పైసందులు మూసుకున్నాయి. అడుగు పలకలు మాత్రం నెర్రెలిచ్చేశాయి, ఎంత నానినా అవి మూసుకోలేదు. అంత పెద్ద తాతయ్య ఏమీ చేయలేకపోవడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు భయమేసింది.

పడవను మళ్లీ ఒడ్డుకు లాగేశారు. అడితివాళ్లు గొడ్డళ్లతో వస్తామన్న రోజు పొద్దున్నే తాతయ్య చింతపండు తీసుకుని బయలుదేరాడు. నాయనమ్మ ఆ రోజు సాధించలేదు. ఎలాగూ విరగ్గొట్టేస్తారు కదా, తోమడమెందుకని నేనే అడిగాను.

“ఆళ్లొచ్చీదాకా నాను సరంగునే గదేటే,” అన్నాడు.

చుక్కాని చక్రం తళతళలాడేదాకా తోమాడు. నేను నీళ్లు పోశాను.

కిందటేడు ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదని, మా ఆయన్ని ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. గాజువాకలో మా ఇంటికి తెచ్చుకున్నాం. మర్నాడు పొద్దున వేణ్నీళ్లు పెట్టి ఆయనకు గడ్డం గీశాను. ఇప్పుడివన్నీ ఎందుకమ్మా అని మా అబ్బాయి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. అయినా చెవి పక్కన మిగిలిన కాసిని వెంట్రుకలూ వదల్లేదు.